రవిక కుట్టిన చేతులు

ప్రబంధ నాయికను వర్ణించబూనిన కవి ఆమె కంచుకాన్ని వదిలిపెట్టడు. దాని రంగు, బిగువు, దాని మీది జరీ పని, ముడి విడిన తీరు, అన్నీ అతనికి వర్ణనీయాంశాలే. ఒక్క వస్త్రానికి కంచుకం, కుప్పసం, రవిక, చోళీ అని ఇన్ని మాటలు మనకున్నాయి. కానీ ఆ కంచుకాన్ని కొలిచి, కత్తిరించి, కుట్టిన మనిషి ఆ పద్యంలో ఎక్కడున్నాడని అడిగితే మన సాహిత్య చరిత్ర మౌనం వహిస్తుంది. ఈ మౌనాన్ని యాదృచ్ఛికమని నేను అనుకోను. దానికి మాటల్లోనే ఒక ఆధారం కనిపిస్తున్నది.

సంస్కృతంలో కంచుకం అంటే రవిక, కవచం. పాము విడిచే పొర కూడా. తెలుగులో కుబుసానికీ పాత నిఘంటువులు ఈ రెండు అర్థాలూ ఇస్తాయి. ఈనాడు కుబుసం అంటే మనకు పాముదే గుర్తుకొస్తుంది గానీ, ఒకప్పుడది మనుషులు తొడుక్కున్నదే. ఒంటికి అతుక్కుని, ఒంటి ఆకారమే తనదిగా చేసుకునే తొడుగు గనుక ఈ పోలిక సహజమే. అయితే పాము తన కుబుసాన్ని తానే పెంచుకుంటుంది. రవికను మాత్రం మరొకరు కుట్టాలి. ఆ మరొకరిని ఈ మాట మింగేసింది. వస్త్రం శరీరం మీద దానంతటదే మొలిచిందన్న భ్రమ భాషలోనే ఉన్నప్పుడు, ఆ భాషలో రాసిన రాజాస్థాన కవికి కుట్టుపనివాడు కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

భూస్వామ్య సమాజంలో కుట్టిన వస్త్రం అందరి హక్కూ కాదన్న సంగతిని ఇక్కడ విస్మరించరాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైభాగాన్ని కప్పుకునే హక్కు కోసం 19వ శతాబ్ది తొలి దశకాల నుంచి పోరాడవలసి వచ్చింది. 1859లో రాజశాసనం ఆ హక్కును ఒప్పుకుంది. అప్పుడు కూడా పై కులాల స్త్రీల పద్ధతిలో కప్పుకోరాదన్న షరతు విడవలేదు. మన ప్రాంతంలో భర్త పోయిన స్త్రీ చేత రవిక విడిపించిన ఆచారాన్ని చూసినవాళ్ళు నా తరంలో ఇంకా ఉన్నారు. వాయనంలోనూ పెళ్ళిలోనూ పసుపు కుంకుమలతో రవికగుడ్డ పెట్టడం మర్యాద. ఆ మర్యాదలో గుడ్డ ఉంది గానీ కుట్టుకూలి లేదు. నేతగాని శ్రమ కనీసం గుడ్డగా తాంబూలంలోకి వచ్చింది. కుట్టేవాడి శ్రమ అక్కడికీ రాలేదు.

నేను ఉద్యోగరీత్యా ఉంటున్న బేతంచెర్లను బయటివాళ్ళు నాపరాతి ఊరుగా ఎరుగుదురు. చరిత్ర విద్యార్థులు మరొక విధంగా ఎరుగుదురు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పరిశోధించిన బిల్లసర్గం గుహలు ఈ ప్రాంతంలోనివే. ముచ్చట్ల చింతమాను గవిలో 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి జరిపిన తవ్వకాల్లో పాత రాతియుగపు చివరి దశకు చెందిన ఎముక పనిముట్లు బయటపడ్డాయి. వాటిలో రంధ్రాలు పొడవడానికి పనికివచ్చేవి ఉన్నాయి. రాజుల పేర్లకు ఎన్నో వేల ఏళ్ళ ముందే ఈ నేలమీద పొడిచే పనిముట్టు పుట్టింది. చరిత్రలో సూదికి ఉన్న వయసు కిరీటానికి లేదు. అయినా మన చరిత్ర పాఠాల్లో కిరీటాలకున్న పేజీలు సూదికి లేవు.

ఇలాంటి చిన్న ఊరి బజారులో రవికలు కుట్టే షాపు ఎలా నడుస్తుందో చూడండి. దాని పెట్టుబడి ఒక మిషను, ఒక బల్ల, కత్తెర, ఇస్త్రీపెట్టె, గోడకు కొట్టిన కొక్కేలు. వచ్చినామె గుడ్డతో పాటు 'ఆది' ఇస్తుంది. సాహిత్య విద్యార్థికి ఆది అనగానే ఆదికవీ ఆదిపర్వమూ గుర్తుకొస్తాయి. ఈ బజారులో ఆది అంటే కొలతకిచ్చే పాత రవిక. ఆది లేకపోతే టేపుతో ఛాతీ, నడుము, భుజం, చంక చుట్టు, చేతి పొడవు, మెడ లోతు కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. ఆ అంకెలు చూసి కత్తిరించడం చాలామంది నేర్వగలరు. అంకెల్లో లేనిది చూడడమే అసలు పనితనం. ఒక భుజం కాస్త వాలి ఉంటుంది. ఒకామె నీళ్ళ బిందె ఎత్తాలి, ఇంకొకామె చంటిబిడ్డకు పాలివ్వాలి. చంక దగ్గర పావు అంగుళం తప్పితే చెయ్యి పైకి లేవదు. అందుకే మంచి పనివాడు పక్కన లోపల గుడ్డ వదిలి రెండు మూడు కుట్లు వేస్తాడు. ఒళ్ళు వచ్చినప్పుడు ఒక కుట్టు విప్పుకుంటే చాలు. వచ్చే ఏటి శరీరాన్ని కూడా ఈ ఏడే ఆలోచించి కుట్టే పని ఇది. దీన్ని చేతిపని అనడమేగాని మేధాశ్రమగా మనం ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఇక ఆర్థికం. గుడ్డ ఖాతాదారుది. దారం, హుక్కులు, కొన్నిచోట్ల లైనింగు గుడ్డ, షాపు బాడుగ, కరెంటు కుట్టేవాడివి. పెళ్ళిళ్ళ నెలల్లో, ఉగాదికీ దసరాకూ రంజానుకూ రాత్రి పగలు తేడా ఉండదు. మూఢం వస్తే మిషను మీద గుడ్డ కప్పి కూర్చోవాలి. ఖరీదైన పట్టుగుడ్డ మీద కత్తెర ఒక్కసారి దారి తప్పిందంటే నష్టపరిహారం నెల సంపాదనను తినేస్తుంది. పని చిన్నదైనా అందులోనూ అంతస్తులున్నాయి. కత్తిరించేవాడు ఒకడు. మిషను తొక్కేవాడు మరొకడు, అతనికి పీసు రేటు. హుక్కులు, కాజాలు, చేతికుట్టు మాత్రం మూటగట్టి ఇళ్ళకు వెళతాయి. వంట ముగించి గడపలో కూర్చుని, కంటికి ఆనీ ఆనని వెలుతురులో వాటిని కుట్టే స్త్రీలకు ముట్టేది పీసుకు కొద్ది రూపాయలే. షాపు బోర్డు మీద ఆమె పేరుండదు. లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

ఈ కుట్టుపనికి ప్రపంచ చరిత్రలో ఒక సోదర వృత్తి ఉంది. యూరప్‌లో కొన్ని శతాబ్దాల పాటు స్త్రీలు నడుముకూ ఛాతీకీ బిగించుకున్న కార్సెట్టును, 18వ శతాబ్దిలో ఇంగ్లీషువాళ్ళు 'స్టేస్' అనేవారు. నాలుగైదు పొరల గట్టి నారగుడ్డను కొలత ప్రకారం కత్తిరించి, దాని నిండా సన్నని గొట్టాల్లాగా కుట్లు వేసి, ఆ గొట్టాల్లోకి తిమింగలం నోటి నుంచి తీసిన బద్దలను దూర్చి, వెనుక చేత్తో కన్నాలు కుట్టి తాడుతో బిగించేవారు. ఒక్కొక్క శరీరానికి ఒక్కొక్కటి. 1675లో పారిస్‌లో స్త్రీ కుట్టుపనివారికి సొంత వృత్తిసంఘం లభించినా, ఈ బద్దల తొడుగును కుట్టే హక్కును పురుష దర్జీలు తమ చేతుల్లోనే ఉంచుకున్నారు. ఎక్కువ కూలి గిట్టే పని మగవాడిదనీ, తక్కువ కూలి పని ఆడదానిదనీ నిర్ణయించిన న్యాయం అక్కడా ఇక్కడా ఒక్కటే.

ఇంగ్లండులో థెట్‌ఫర్డ్ అనే ఊళ్ళో 1737లో ఒక స్టేస్ కుట్టేవాడికి కొడుకు పుట్టాడు. బడి మాని తండ్రి దగ్గరే పని నేర్చాడు. లండన్‌లో, డోవర్‌లో ఇతరుల షాపుల్లో కూలికి కుట్టి, 1759లో శాండ్‌విచ్ అనే రేవుపట్నంలో సొంత షాపు పెట్టుకున్నాడు. వ్యాపారం సాగలేదు. మరో ఊరికి మారాడు. పెళ్ళైన ఏడాదికే భార్య మరణించింది. ఆ తర్వాత సుంకాల శాఖలో చిన్న ఉద్యోగిగా చేరి, తోటి ఉద్యోగుల జీతాలు పెంచాలని 1772లో ఒక కరపత్రం రాశాడు. అతనే టామస్ పెయిన్. 1776లో 'కామన్ సెన్స్'తో అమెరికా స్వాతంత్ర్యోద్యమానికి మాట ఇచ్చినవాడూ, 1791లో 'మానవ హక్కులు' రాసి ఇంగ్లండు పాలకవర్గాన్ని వణికించినవాడూ ఈ దర్జీయే. ఆ గ్రంథం జోతిరావు ఫూలేను ప్రభావితం చేసిన సంగతి మనకు తెలుసు. నడుములు బిగించిన చేతులు రాసిన పుస్తకం పూనా దాకా వచ్చి కులం ముడిని విప్పడానికి పనికివచ్చింది.

అతని వాదాలకు జవాబు లేని శత్రువులు అతని వృత్తిని పట్టుకున్నారు. 1793లో జేమ్స్ గిల్రే అనే వ్యంగ్య చిత్రకారుడు, పెయిన్ ఒక స్త్రీ వెన్నుమీద కాలుపెట్టి స్టేస్ తాళ్ళు లాగుతున్నట్టు బొమ్మ వేశాడు. ఆ స్త్రీ బ్రిటన్ దేశం. రాజ్యాంగం గురించి మాట్లాడడానికి నడుములు కొలిచేవాడెవడన్నదే అందులోని వెక్కిరింత. పెయిన్ ఒక్కడే కాదు. 1871 పారిస్ కమ్యూన్‌లో పాల్గొన్న ఎర్మినీ కడోల్ తర్వాత అర్జెంటీనా వెళ్ళి లోదుస్తుల షాపు నడిపింది. 1889లో కార్సెట్టును రెండు ముక్కలుగా విడగొట్టి ఊపిరాడే తొడుగును తయారుచేసింది. ఆమె పేరిట పారిస్‌లో వెలసిన సంస్థ కొలతకు కుట్టే పనిని తరతరాలుగా నిలుపుకుంది. శరీరాన్ని బిగించే వృత్తి తెలిసినవాళ్ళే బిగువును వదులు చేయడం గురించి ఆలోచించారన్నది గమనార్హం.

ఈలోగా యంత్రం వచ్చింది. 1831లో పారిస్ దర్జీలు తిమోనియే కుట్టుమిషన్లను పగలగొట్టారు. అయినా 1846లో హోవ్, 1851లో సింగర్ పేటెంట్లు పొందారు. యంత్రం శ్రమను తగ్గించగలదు. తగ్గిన శ్రమఫలం ఎవరికి దక్కిందన్నదే ప్రశ్న. కార్సెట్టు ఫ్యాక్టరీకి చేరి, నడుము అంగుళాల అంకెతో డబ్బాల్లోకి ఎక్కింది. అంతవరకు తొడుగు శరీరాన్ని వెతుక్కుంటూ వచ్చేది. ఇక శరీరమే అంకెకు ఒదగాలి. కొలత కుట్టేవాడి చేతి నుంచి యజమాని చేతికి మారింది. కొలతతో పాటు బేరమాడే శక్తీ మారింది.

సాహిత్యం ఈ మార్పును బొత్తిగా పట్టించుకోలేదనలేం. టామస్ హుడ్ 1843లో చొక్కాలు కుట్టే స్త్రీ మీద రాసిన గేయం ఇంగ్లండును కదిలించింది. మార్క్స్ 1867లో 'పెట్టుబడి' తొలి సంపుటంలో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవయ్యేళ్ళ కుట్టుపని అమ్మాయి మరణాన్ని నమోదు చేశాడు. 1863 జూన్‌లో రాచకుటుంబపు విందుకు వెళ్ళే దొరసానుల దుస్తుల కోసం ఆమె 26న్నర గంటలు ఏకబిగిన కుట్టింది. ఒక్కొక్క ఇరుకు గదిలో ముప్ఫైమంది. శుక్రవారం జబ్బుపడి ఆదివారం చనిపోయింది. ఆర్థికశాస్త్ర గ్రంథంలో ఆమెకు పేరుంది. అదే కాలపు నవలల్లో ఆ దుస్తులకు వర్ణన ఉంది. ఈ తేడా సాహిత్య విద్యార్థి మనసులో నిలవాలి.

1881లో లండన్‌లో హేతుబద్ధ వస్త్రధారణ కోసం సంఘం పెట్టినవారు కార్సెట్టు స్త్రీ శరీరానికి చేసే హానిని చెప్పారు. అది న్యాయమైన విమర్శ. కానీ ఆనాటి చర్చ చాలావరకు తొడుక్కున్నామె నడుము దగ్గర ఆగింది. కుట్టినామె నడుము ఎంత వంగిందో కొలిచినవాళ్ళు తక్కువ. మన స్త్రీవాద చర్చకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ఈనాడు మన బజార్లలో రెండు మార్పులు కనిపిస్తున్నాయి. ఒకవైపు అంకెల రెడీమేడ్ రవికలు వేలాడుతున్నాయి. మరొకవైపు మగ్గం వర్కు పేరుతో ఒక్క పెళ్ళి రవికకు చీర ఖరీదును మించి వసూలవుతున్నది. మధ్యలో మామూలు రవిక కుట్టే మనిషి నలుగుతున్నాడు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం దర్జీలకు ఏటా 10,000 రూపాయల సాయం పథకం తెచ్చినప్పుడు సొంత షాపు ఉండాలన్న షరతు పెట్టింది. ఉన్నవాడికి అది ఆసరాయే. కానీ గడపే షాపుగా, ఒడే బల్లగా కుట్టే స్త్రీ ఆ లెక్కలోకి ఎలా వస్తుంది? ప్రబంధకవి చూడనిదాన్ని పాలనా యంత్రాంగమూ చూడలేదు.

కాబట్టి నేను రచయితలకు చెప్పదలచింది ఒక్కటే. రైతును, నేతగాణ్ణి, గని కార్మికుణ్ణి మన సాహిత్యం దగ్గరగా చూసింది. కుట్టుపనివాడు కథల్లో కనిపించినా ఎక్కువగా వీధిమలుపులో ఒక గుర్తుగానే మిగిలాడు. అతని మీద జాలి చూపే కథ ఒకటి రాసినంత మాత్రాన ఈ లోటు తీరదు. కచ్చాకుట్టు, కాజా, పట్టీ, ఆది అన్న మాటలు తెలియకుండా రాసిన కథ మళ్ళీ కుబుసం కథే అవుతుంది. ఆ షాపు లెక్కల పుస్తకాన్ని చదవండి. పీసు రేటు ఎవరు నిర్ణయిస్తారో, మూఢం నెలల్లో ఇల్లెట్లా గడుస్తుందో, చూపు మందగించాక ఆమె ఏం చేస్తుందో అడగండి. విద్యార్థులు ఈ వృత్తిపదాలను ఊరూరా సేకరిస్తే అది మంచి పరిశోధన అవుతుంది. చేతికుట్టు తెలిసిన తరం తరలిపోకముందే చేయవలసిన పరిశోధన. కంచుకం మీద మనకు పద్యాలు చాలానే ఉన్నాయి. కుట్టుకూలి మీద వచనం ఇంకా రావలసి ఉంది.