ఊబకాయం ఫైలు: బాంటింగ్ నుంచి కీటో వరకు

అన్నం మానండి, కొవ్వు తినండి, బరువు తగ్గండి – ఈ మాట వినిపించని చోటు నేడు లేదు. పార్కు బెంచీల మీద, పెళ్లి విందుల్లో, చివరకు మన సంఘ సమావేశాల టీ విరామంలో కూడా ఇదే చర్చ. కీటో అని కొందరు, లో-కార్బ్ అని కొందరు అంటున్నారు. ఇది సరికొత్త విజ్ఞానమని నమ్మేవారు కొందరైతే, వట్టి వ్యాపారమని కొట్టిపారేసేవారు మరికొందరు. నిజానికి ఈ ఫైలు తెరిచి నూట అరవై ఏళ్లు దాటింది. పాత కాగితాలు చూడకుండా కొత్త నోటు పెట్టరాదన్నది ఉద్యోగంలో మనమంతా నేర్చుకున్న పాఠమే కదా. కనుక మొదటి పేజీ నుంచి చూద్దాం.

విలియం బాంటింగ్ (1796–1878) లండన్ నగరవాసి. అంత్యక్రియల ఏర్పాట్లు చూడడం వారి కుటుంబ వ్యాపారం. ఇంగ్లండు రాజవంశీకుల అంత్యక్రియలను సైతం వారే నిర్వహించారు. (ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ వేరు, ఈయన వేరు.) ఆయన ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. 1862 ఆగస్టులో బరువు 202 పౌండ్లు, అంటే సుమారు 92 కిలోలు. వంగి బూటు తాడు కట్టుకోలేరు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి ఒక్కొక్కటిగా దిగవలసిందే. ఆవిరి స్నానాలు చేశారు, పడవ నడిపారు. పడవ నడిపితే ఆకలి పెరిగిందే గాని బరువు తగ్గలేదు.

చివరకు వినికిడి మందగించి విలియం హార్వే అనే చెవి వైద్యుని ఆశ్రయించారు. పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ మధుమేహంపై చేసిన ప్రసంగాలు విని వచ్చిన వైద్యుడాయన. రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు వీలైనంత మానమని, మాంసం, చేపలు, కూరలు తినమని హార్వే చెప్పారు. ఏడాదిలో బాంటింగ్ 46 పౌండ్లు, అంటే సుమారు 21 కిలోలు తగ్గారు. 1863లో తన అనుభవాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి మొదట ఉచితంగా పంచారు. ఆ పుస్తకం ఎంత ప్రచారం పొందిందంటే స్వీడిష్ భాషలో బరువు తగ్గేందుకు పథ్యం చేయడాన్ని నేటికీ ‘బాంటా’ అనే అంటారు. అయితే ఆయన పథ్యంలో వెన్న నిషిద్ధం. చిన్న రొట్టె ముక్క మాత్రం ఉండేది. పథ్యమంతా వైద్యుని పర్యవేక్షణలో సాగింది. ఈ విషయాలు గమనార్హం.

కీటో అనే పేరు మరో దారిలో వచ్చింది. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం కొవ్వు అధికంగా, పిండిపదార్థాలు అత్యల్పంగా ఉండే ఆహారాన్ని సూచించి, దానికి ఆ పేరు పెట్టారు. ఇది బరువు తగ్గడానికి పుట్టినది కాదు. మందులకు లొంగని మూర్ఛకు నేటికీ వైద్యులు దీనిని వాడుతున్నారు.

1972లో రాబర్ట్ అట్కిన్స్ అనే అమెరికన్ వైద్యుని పుస్తకంతో ఈ పద్ధతి బరువు తగ్గే మార్గంగా మళ్లీ ప్రచారంలోకి వచ్చింది. మరుసటి ఏడాదే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దానిని తీవ్రంగా విమర్శించింది. ఆయన పేరుతో వెలసిన ఆహార ఉత్పత్తుల సంస్థ, అమ్మకాలు పడిపోయి, 2005లో దివాలా రక్షణ కోరింది.

తెలుగునాట 2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి సభలకు జనం తండోపతండాలుగా తరలివెళ్లిన సంగతి మనకు తెలిసిందే. కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, మల్టీవిటమిన్ మాత్రలు ఆ విధానంలో ముఖ్యాంశాలు. ఆ ఆదరణకు కారణం లేకపోలేదు. భారతీయులకు సగటున 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల పైచిలుకు. మూడు పూటలా తెల్లబియ్యమే ఆధారమైన మనకు ‘అన్నం తగ్గించండి’ అన్న సలహా పనికిరానిదేమీ కాదు.

ఇక క్లెయిములను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది, వారంలోనే కిలోల కొద్దీ తగ్గుతామన్నది. తగ్గడం నిజమే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్‌ను ఒక్కొక్క గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ఆ నిల్వ ఖర్చయి నీరు బయటకు పోతుంది. తొలివారపు తగ్గుదలలో అధిక భాగం అదే, కొవ్వు కాదు.

రెండవది, మిగతా పద్ధతులకంటే ఇదే మేలన్నది. 2003లో అమెరికాలో 63 మందిపై జరిపిన పరిశోధనలో ఆరు నెలలకు అట్కిన్స్ పద్ధతివారు ఎక్కువ తగ్గారు. ఏడాదికి చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. 2018లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 609 మందిని ఏడాదిపాటు పరీక్షించింది. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. లెక్కకు రాని తేడా. ఏ పథ్యాన్ని మనిషి విడువకుండా చేయగలడో, అతనికి అదే మంచి పథ్యమని దీని సారాంశం.

మూడవది, షుగరు మాత్రలు మానేయవచ్చన్నది. మనకు ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గే మాట వాస్తవం. అందుకే ప్రమాదం కూడా. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని పాత మోతాదులోనే వేసుకుంటూ అన్నం మానితే చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ వర్గపు మాత్రలు వాడేవారికి కీటో పథ్యంలో రక్తం ఆమ్లమయమయ్యే ముప్పు ఉంది. అలాగని ఎవరికి వారే మందులు ఆపుకోవడం మరింత అపాయం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఏ పథ్యమూ మొదలుపెట్టరాదు. పైగా డెబ్బై దాటినవారు ఒక్కసారిగా బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కండ కరిగితే కాలు తడబడుతుంది. పడితే ఎముక విరుగుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించరాదు. మిగతాది పప్పులు, కూరగాయలు, పాలు, గింజలు, పండ్ల నుంచి రావాలి. అంటే కంచంలో అన్నం తగ్గి, పప్పూ కూరా పెరగాలి. బాంటింగ్ ఫైలులో నిలిచిన అంశం కూడా అదే. మిగిలిన ఆర్భాటాన్ని లాడ్జి చేసి పక్కన పెట్టవచ్చు.

సంఘ సభ్యులకు నా మనవి ఒక్కటే. పథ్యం మొదలుపెట్టదలచినవారు తాము వాడే మాత్రల చీటీతో ముందుగా తమ వైద్యుని కలవండి. ఆయన సంతకం లేనిదే ఆర్డరు అమలు చేయవద్దు.