‘జిగురు’ పేరు, ‘రాయబారి’ పని: గ్లియా కణాల్లో ఆర్‌ఎన్‌ఏ రవాణా చరిత్ర – తెలుగు పరిభాష

కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనకు, ఆ తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ రచనకు పూనుకున్నారు. శాస్త్ర పదాన్ని అనువదించాలా, యథాతథంగా స్వీకరించాలా అన్నది అటువంటి ప్రతి ప్రయత్నానికీ ఎదురయ్యే ప్రశ్న. అనువదించిన పదంతోపాటు అది పుట్టిన కాలపు నమ్మకమూ భాషలోకి వస్తుంది. ‘గ్లియా’ ఇందుకు ఉదాహరణ.

మెదడులో నాడీకణాల నడుమ ఉన్న పదార్థానికి జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1856లో ‘న్యూరోగ్లియా’ అని పేరు పెట్టారు. గ్లియా అంటే గ్రీకులో జిగురు. నాడీకణాలను అంటిపెట్టి ఉంచడమే దాని పని అని ఆయన భావన. ఈ కణాల్లో ఒక రకానికి 1921లో స్పెయిన్ శాస్త్రవేత్త రియో ఓర్తేగా ‘ఆలిగోడెండ్రోసైట్’ అని పేరు పెట్టారు. ఇది తన శాఖలతో నాడీతంతువులకు మైలిన్ పొర చుడుతుంది. ఒక్క కణమే పదుల సంఖ్యలో తంతువులకు ఈ పని చేయగలదు.

కేంద్రకం నుంచి ప్రొటీను నిర్మాణ సూచనను మోసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఉనికి 1961లో రుజువైంది. కోల్మన్, సబాటిని బృందం 1982లో ఎలుక మెదడుపై చేసిన పరిశోధనలో, మైలిన్ బేసిక్ ప్రొటీను తయారీ సూచన మైలిన్ పొర దగ్గరే అధికంగా ఉన్నట్లు తేలింది. అంటే కణం సరుకును కాక సూచననే శివారుకు పంపుతోంది. కృష్ణా డెల్టా రైతుకు ఇది వింత కాదు. శివారు చేనుకు వెళ్లేది నారుకట్టలే, వడ్ల బస్తాలు కావు.

ప్రయాణాన్ని కళ్లకు కట్టినది 1993 నాటి ప్రయోగం. ఐంగర్, బార్బరీస్, కార్సన్ తదితరులు మెరిసే రంగు తగిలించిన ఆర్‌ఎన్‌ఏను కణంలోకి ఎక్కించగా, అది రేణువులుగా కూడి శాఖల వెంట సాగింది. సూక్ష్మనాళికలే దారులు, కైనెసిన్ అనే ప్రొటీను బండి. ఆ బండికి ఇంధనం ఏటీపీ. దానిని 1929లో ఫిస్కేతో కలిసి వెల్లడించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. చేరవలసిన చోటును తెలిపే గుర్తు, ప్రొటీనుగా మారని తోక భాగంలో, 21 అక్షరాల పొడవున ఉంటుంది. దారి పొడవునా సందేశం మౌనంగా ఉండి, గమ్యంలోనే ప్రొటీనుగా మారుతుంది. ‘రాయబారి’ అన్న తెలుగు మాట ఇక్కడ ‘మెసెంజర్’ కంటే ఒక పాలు ఎక్కువే అతుకుతుంది. సమయం వచ్చేదాకా నోరు విప్పకపోవడం రాయబారి లక్షణం కదా.

ఈ దూరభారం ఎందుకు? మైలిన్ బేసిక్ ప్రొటీను ధనావేశంతో పొరలకు అతుక్కుపోయే స్వభావం కలది. కణం నడుమ తయారైతే అక్కడి పొరలనే పట్టుకుంటుంది. జిగురు ఉన్నది ఈ ప్రొటీనులో. పేరు మాత్రం కణానికి పడింది. నక్షత్రాకారపు ఆస్ట్రోసైట్లలోనూ రక్తనాళాలను తాకే పాదాల వద్ద స్థానికంగా ప్రొటీన్లు తయారవుతాయని 2017లో తేలింది. ‘నక్షత్రకణం’ ఆకారాన్ని చెప్పే పేరు, కనుక పనిని గురించి కొత్త సంగతి తెలిసినా దానికి దెబ్బ తగలదు. ‘జిగురుకణం’ అలా కాదు. పాఠ్యపుస్తకంలో ‘గ్లియా’ను గ్లియాగానే ఉంచి, ‘జిగురు’ అర్థాన్ని 1856 నాటి కథగా చెప్పడం మేలు.