ధర్మకార్యములకు లాటరీ: ఆంగ్లదేశమున దాని పుట్టుపూర్వోత్తరములు

లండను నగరమందలి బ్రిటిషు మ్యూజియములో మన అమరావతీ స్తూపపు శిలాఫలకములు నేటికిని ఉన్నవి. అవి 1880లో ఆ సంస్థకు చేరినవి. కృష్ణాతీరమున మన శిల్పులు మలచిన పద్మములను, బుద్ధచరిత్ర ఘట్టములను చూచుటకై అంతదూరము పోయిన తెలుగువాడు, వానికి నీడయిచ్చుచున్న ఆ మహాసంస్థయే ఒకనాడు లాటరీ సొమ్ముతో వెలసినదని తలపనైన తలపడు. మన పెద్దలు జూదమును సప్తవ్యసనములలో చేర్చిరి. అట్టి వ్యసనమును పోలిన ఆశనుండి విద్యాలయములకును ధర్మసంస్థలకును ధనము తీయుట న్యాయమా యను ప్రశ్నకు ఆంగ్లేయులు నాలుగువందల యేండ్లకు పైగా తడవుకొని, తప్పులు చేసి, దిద్దుకొని సమాధానము వెదకిరి.

1567లో ఎలిజబెత్తు రాణి ప్రభుత్వమునకు శిథిలములైన ఓడరేవులను బాగుచేయుటకును, రాజ్యరక్షణకును ధనము కావలసివచ్చెను. పన్ను వేయుటకు మాఱుగా లాటరీని చాటిరి. చీటి వెల పది షిల్లింగులు. అమ్మదలచిన చీటీలు 4,00,000. ప్రథమ బహుమానము విలువ 5,000 పౌండ్లు: అందు కొంత రొక్కము, కొంత వెండిపాత్రలు, కొంత చిత్రవస్త్రములు. వట్టిచీటి యనునది లేనే లేదనియు, ప్రతివానికిని ఏదో యొకటి దక్కుననియు ప్రకటించిరి. అదియు చాలదని, చీటి కొనవచ్చినవారిని ఘోరాపరాధములకు తప్ప ఏడుదినములు నిర్బంధింపబోమని అభయమిచ్చిరి. ఇన్ని యాశలు చూపినను జనులు నమ్మలేదు. 1569 జనవరి 11న సెయింటు పాల్సు దేవాలయపు పడమటి వాకిట చీటీలు తీయుట మొదలిడి, మే నెల వరకు సాగించిరి గాని, అమ్ముడుపోయినవి మిక్కిలి స్వల్పము. పిమ్మట 1694లో ప్రభుత్వము పది పౌండ్ల చీటీలు లక్ష అమ్మి యుద్ధవ్యయమునకు పది లక్షల పౌండ్లు కూర్చుకొనెను.

మ్యూజియము కథ ఇంతకంటె విస్తరించి చెప్పదగినది. వైద్యుడును సంగ్రహకర్తయు నగు సర్ హాన్సు స్లోను 1753లో మరణించుచు, జీవితమంతయు కూర్చిన డెబ్బదివేలకు మించిన గ్రంథములను, నాణెములను, ప్రకృతివస్తువులను, తన సంతతికి 20,000 పౌండ్లిచ్చినచో జాతికి చెందవలెనని మరణశాసనము వ్రాసెను. ఖజానానుండి అంత సొమ్ము తీయుటకు రాజునకు గాని మంత్రులకు గాని మనసొప్పలేదు. పార్లమెంటు ఆ సంవత్సరమే శాసనముచేసి, మూడు పౌండ్ల చీటీలు లక్ష అమ్మింపగా వచ్చిన 3,00,000 పౌండ్లలో 2,00,000 బహుమానములకు పోయి, ఖర్చులు తీసివేయగా సుమారు 95,000 పౌండ్లు మిగిలెను. స్లోను సంగ్రహమును, హార్లీ వ్రాతప్రతులను, మాంటేగూ భవనమును ఆ సొమ్ముతోనే కొనిరి. 1759 జనవరి 15న విద్యాభిలాషులకు రుసుము లేకుండ ద్వారములు తెఱచిరి.

అయితే ఆ పుణ్యకార్యమునందును కళంకమంటెను. ఒకడు ఇరువది చీటీలకు మించి కొనరాదని శాసనము నిషేధించియుండగా, అమ్మకమును నడపిన పీటరు లెహ్యూపు అను అధికారి కల్పితనామములతో గుంపులుగుంపులుగా చీటీలను దళారులకు దాటించెను. వారు వానిని హెచ్చువెలకు మరల అమ్ముకొనిరి. విచారణ జరిగి అతనికి 1,000 పౌండ్ల జరిమానా పడెను. నాకు ఈ జరిమానాయే ఆ లాటరీ చరిత్రలో మిక్కిలి ముఖ్యముగా తోచును; ఏలయన, శాసనమున హద్దు వ్రాసినంత మాత్రమున చాలదనియు, దానిని కాపాడు చేయి వేఱుగా నుండవలెననియు ఆంగ్లేయులకు అక్కడనే తెలియవచ్చెను.

తెలిసినను ఆచరించుటకు చాలకాలము పట్టెను. ఆ దినములలో చీటీలు తీయుట అనేకదినములు సాగెడిది. చీటి కొనలేని బీదలు, ఫలానా సంఖ్య ఫలానా దినమున వచ్చునా రాదా యని కొన్ని షిల్లింగులు పందెమొడ్డి కూలిడబ్బులు పోగొట్టుకొనుచుండిరి. దీనికి బీమా యని పేరు! 1808లో కామన్సు సభాసంఘము ఈ దుర్గతిని సాక్ష్యములతో బయటపెట్టి, ఎట్టి కట్టుబాట్లు చేసినను ఈ దోషము లాటరీని విడువదని నిర్ణయించెను. 1826లో ప్రభుత్వలాటరీ ఆఖరుసారి తీయబడెను. అటుపై నూటయఱువదియేండ్లకు పైగా ఆ దేశమున జాతీయలాటరీ లేదు.

1978లో లార్డు రాత్‌షీల్డు అధ్యక్షతను రాజసంఘము సత్కార్యముల నిమిత్తము ఒకే జాతీయలాటరీ ఉండవచ్చునని సూచించెను. 1993లో శాసనమాయెను, 1994 నవంబరు 19న తొలిసారి సంఖ్యలు తీసిరి. ప్రారంభదశలో ప్రతి పౌండునందును సుమారు సగము బహుమానములకును, 28 పెన్నీలు సత్కార్యములకును, 12 పెన్నీలు సుంకమునకును, మిగిలినది దుకాణదారులకును, నడపువారికిని పోయెడిది. ఇందలి విజ్ఞత పంపకములో కంటె చేతుల విభజనలో ఉన్నది: టిక్కెట్లమ్ము సంస్థ వేఱు, దానిపై కన్నువేసియుండు నియంత్రణసంఘము వేఱు, సొమ్మును కళలకు, క్రీడలకు, ప్రాచీనసంపదకు, ధర్మసంస్థలకు పంచిపెట్టు మండలులు వేఱు. ప్రభుత్వము తాను చేయవలసిన వ్యయమునకు మాఱుగా ఈ సొమ్మును వాడరాదనునది వేఱొక సూత్రము. దీనిని గూర్చి నాకు మిక్కిలి పట్టుదల గలదు. ఆసుపత్రికి బడ్జెటు తగ్గించి ఆ లోటును లాటరీతో పూడ్చు ప్రభుత్వము దానము చేయుట లేదు, బీదవానిపై రెండవ పన్ను వేయుచున్నది.

థేమ్సు తీరమున మూతబడిన విద్యుత్కేంద్రమును టేటు మోడరను చిత్రశాలగా మార్చుటకు ఈ నిధులలోనే 5 కోట్ల పౌండ్లు వెచ్చింపబడెను. మొత్తముమీద ఇంతవరకు 5,000 కోట్ల పౌండ్లకు మించి సత్కార్యములకు చేరినది. ఐనను చీటి కొనువారిలో కలిమిగలవారికంటె లేనివారే ఎక్కువగా తమ సంపాదనలో భాగము ఒడ్డుదురన్న వేదన తొలగునది కాదు; మొదట 16 ఏండ్లవారికే అమ్మినదానిని 2021లో 18 ఏండ్లకు పెంచుటకు యువతను జూదపు హానినుండి కాపాడవలెనను తలంపు ప్రేరకము. గెలిచినవాడు 180 దినములలో వచ్చి అడుగని బహుమానము మాత్రము అమ్మినవానికి చేరదు, ఖజానాకును చేరదు. సత్కార్యముల నిధికే చేరును.