పెన్షన్ తర్వాత మిగిలే బంధం: తెలుగు విశ్వవిద్యాలయాల విశ్రాంత సమాజంపై ఒక పరిశీలన

తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పనిచేసి రిటైరైన ఆచార్యులనూ ఉద్యోగులనూ ఇన్నేళ్లుగా ఒకచోటికి చేరుస్తున్నది పెన్షనే. సంఘం పెట్టుకున్నది దాని కోసమే, సమావేశాల్లో మాట్లాడుకునేది దాని గురించే, వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒకరినొకరు అడిగేదీ అదే. పాత పెన్షన్‌తో రిటైరయ్యేవారి రాక మరో పదిహేనేళ్లలో దాదాపు ఆగిపోతుంది. ఆలోపే ఈ సమాజానికి ఇంకొక ఆధారం దొరకాలని, అది కలిసి చేసే పని మాత్రమే కాగలదని ఈ వ్యాసంలో వాదిస్తున్నాను. బోధన సిబ్బందినీ బోధనేతర సిబ్బందినీ విడదీసి చూస్తే ఆ పని సాగదన్నది నా రెండో ప్రతిపాదన.

విశ్రాంత సమాజం ఎలా తయారైందో తెలియాలంటే నియామకాల నుంచి మొదలుపెట్టాలి. ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో, శ్రీ వేంకటేశ్వర 1954లో ఏర్పడ్డాయి. వరంగల్, గుంటూరు, అనంతపురాల్లో వీటికి ఉన్న పీజీ సెంటర్లే విడివడి 1976లో కాకతీయ, నాగార్జున, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలయ్యాయి. కొత్త క్యాంపస్‌లో ఒక్కో శాఖనూ మొదటినుంచీ నిలబెట్టాల్సి వచ్చింది కాబట్టి ఇంచుమించు ఒకే ఈడువాళ్లు ఒకేసారి కొలువులో చేరారు. పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. పిల్లల్ని ఒకే బడికి పంపారు. జట్టుగా చేరినవాళ్లు కొద్ది ఏళ్ల తేడాతో జట్టుగానే రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేశాక కట్టుకున్న ఇళ్లు కూడా క్యాంపస్‌కు దూరంగా పోలేదు. ఉస్మానియా వాళ్లకు తార్నాక, హబ్సిగూడ. కాకతీయ వాళ్లకు హన్మకొండ విద్యారణ్యపురి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లకు పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ. పొద్దుటి నడకలో కలిసేదీ, పాల ప్యాకెట్ దగ్గర ఆగి మాట్లాడేదీ పాత సహోద్యోగితోనే.

ఈ ఇరుగుపొరుగుతనాన్ని సంఘంగా మార్చింది పెన్షన్. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పెన్షన్ చెల్లింపు విశ్వవిద్యాలయం చేతిమీదుగానే జరుగుతుంది. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు ఆలస్యమైతే జీతాలతోపాటు పెన్షన్లూ ఆలస్యమవుతాయి. ఒకరికి రావాల్సిన బకాయి అందరికీ రావాల్సిన బకాయి అవుతుంది. దాన్ని కలిసి అడగడానికి న్యాయపరమైన ధైర్యమిచ్చింది డి.ఎస్. నకారా కేసు. పెన్షన్ దయతో ఇచ్చే దానం కాదు, ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ తేదీనే దేశమంతా పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నారు. మన సంఘాలు ఆ రోజు పెద్దవయసు సభ్యులకు శాలువా కప్పి, ఆ ఏడు కన్నుమూసినవారిని తలుచుకుని, తర్వాత డీఏ గురించి తీర్మానం చేస్తాయి. సన్మానం, సంతాపం, వినతిపత్రం మూడూ ఒకే వేదిక మీద నడిచే ఆ సభను తక్కువగా చూడటానికి లేదు. పలకరించేవాళ్లు తగ్గిపోయే వయసులో అదొక పెద్ద అండ.

నవంబరులో, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో, పెన్షన్ సెక్షన్ దగ్గర కాసేపు నిలబడితే ఈ బంధం ఎలాంటిదో కనిపిస్తుంది. చేతిసంచీలో పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ) కాపీ, ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్కు, తోడుగా కూతురో మనవడో. బయోమెట్రిక్ యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. తుడిచి మళ్లీ పెట్టమంటారు, మళ్లీ పడదు. వయసుతోపాటు వేలి గీతలు అరిగిపోతాయి మరి. ఆ ఆలస్యంలోనే శాఖాధ్యక్షుడిగా చేసినాయనా, అదే శాఖలో ల్యాబ్ అటెండర్‌గా చేసినాయనా ఒకే బెంచీ మీద కూర్చుంటారు. "ఏమయ్యా, ఒంట్లో ఎలా ఉంది?" అని ఆయన అడిగితే, "అలా నడుస్తోంది సార్, అమ్మగారి మోకాళ్లు తగ్గాయా?" అని ఈయన అడుగుతాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న సందర్భం బహుశా లేదు. లైఫ్ సర్టిఫికెట్‌ను డిజిటల్‌గా ఇచ్చే జీవన్ ప్రమాణ్ పథకం 2014 నవంబరులో వచ్చింది. ముఖం చూపిస్తే చాలనే పద్ధతి 2021లో తోడైంది. మంచం మీద ఉన్నవారికి ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. ఇంట్లోనే ఫోన్‌లో పని అయిపోతున్నప్పుడు ఆ బెంచీ మీద కలుసుకునే అవకాశం మాత్రం పోతుంది. కలుసుకోవడానికి వేరే చోటు చూపించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

అంతకంటే పెద్ద మార్పు 2004లోనే జరిగిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు పాత పెన్షన్ లేదు, వాటాల పెన్షన్ పథకం (సీపీఎస్) వచ్చింది. రిటైరైనప్పుడు పోగైన నిధిలో కనీసం 40 శాతంతో బీమా సంస్థ దగ్గర యాన్యుటీ కొనుక్కోవాలి. అప్పటినుంచి నెలనెలా వచ్చే డబ్బుకూ విశ్వవిద్యాలయానికీ సంబంధం ఉండదు. అందరికీ కలిపి ఒక డీఏ బకాయి ఉండదు, కలిసి వెళ్లి కూర్చోవడానికి ఒక ఆఫీసు ఉండదు. పోరాడి గెలవాల్సిన విషయాలు లేకుండా పోతాయని కాదు, అవి విడివిడిగా ఒక్కొక్కరివీ అవుతాయి. దీనికితోడు 2004 తర్వాత రెగ్యులర్ నియామకాలే పలచబడ్డాయి, పాఠాల భారం కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్ అధ్యాపకుల మీద పడింది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పి ఏ పెన్షనూ లేకుండా వెళ్లేవారికి పెన్షనర్ల సంఘంలో సభ్యత్వం అన్న మాటే పుట్టదు. రాబోయే విశ్రాంత సమాజంలో వీరి వాటా చిన్నది కాబోదు.

పెన్షన్ విశ్వవిద్యాలయం వెలుపల ఉన్నప్పుడు సమాజం దేనిమీద నిలుస్తుంది? అమెరికాలో ఈ ప్రశ్నకు జవాబు వెతకవచ్చు. ఉస్మానియా పుట్టిన 1918లోనే అక్కడ కార్నెగీ ఫౌండేషన్ పూనికతో టీఐఏఏ అనే పెన్షన్ సంస్థ ఏర్పడింది. అధ్యాపకుడు ఊరు మారినా అతని పెన్షన్ అతనితోపాటే పోతుంది. అంటే అక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో రిటైరైనవారిని కలిపి ఉంచే పని పెన్షన్ ఎన్నడూ చేయలేదు. రెండో తేడా వయసుది. శాశ్వత నియామకం ఉన్న అధ్యాపకులకు నిర్బంధ విరమణ 1994 జనవరి 1తో చట్టం ద్వారా రద్దయింది. మనకు పుట్టినతేదీ నిర్ణయించే విషయం అక్కడ మనిషి నిర్ణయించుకునేదయింది. వెళ్లిపొమ్మని చెప్పే అధికారం పోయాక, వెళ్లినా ఇక్కడే ఉంటారని భరోసా ఇవ్వడం విశ్వవిద్యాలయానికి అవసరమైంది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 1978లోనే విశ్రాంతుల కోసం ఎమెరిటై కేంద్రం పెట్టింది కాబట్టి అంతా ఈ చట్టం వల్లనే జరిగిందనలేం. అయినా ఎమరీ విశ్వవిద్యాలయంలో ఎమెరిటస్ కాలేజీ 2001లో, ఇలాంటి సంస్థల సమాఖ్య ఏరో 2002లో, యేల్‌లో విశ్రాంత ఆచార్యులకు చదువుకునే గదులతో కోర్నర్ కేంద్రం 2003లో వరసగా రావడం యాదృచ్ఛికమని నేననుకోను.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇందులో మనకు దగ్గరి పోలిక. దానికి సొంత పెన్షన్ నిధి ఉంది. అక్కడి విశ్రాంతుల సంఘాలు ఇప్పటికీ పెన్షన్, వైద్య సదుపాయాల మీద గట్టిగా మాట్లాడతాయి. అక్కడా ఆచార్యుల సంఘాలకు ఒక మండలి, ఉద్యోగుల సంఘాలకు మరో మండలి ఉన్నాయి. అయితే ఆ రెండూ కలిసి సమావేశమవుతాయి. పది క్యాంపస్‌ల విశ్రాంత ఆచార్యులు రాసిన పుస్తకాలు, చెప్పిన పాఠాలు, చేసిన సేవ లెక్కకట్టి, తాము పదకొండో క్యాంపస్‌తో సమానమని లెక్కతో సహా చూపుతారు. మన సంఘాలు ప్రభుత్వానికి తమకు రావాల్సినదాన్నే లెక్క చూపుతున్నాయి గానీ, ఇస్తున్నదాన్ని చూపే అలవాటు చేసుకోలేదు.

విశ్వవిద్యాలయం ఊసే లేకుండా సాగిన దారీ ఒకటుంది. 1973లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పియర్ వెల్లాస్ మొదలుపెట్టిన మూడో వయసు విశ్వవిద్యాలయం ఆచార్యులు చెబితే పెద్దలు వినే పద్ధతి. దాన్ని 1981లో కేంబ్రిడ్జ్‌కు తెచ్చిన చరిత్రకారుడు పీటర్ లాస్లెట్, ఆయన మిత్రులు ఆ పద్ధతిని మార్చేశారు. సభ్యులే ఒకరికొకరు పాఠం చెప్పుకుంటారు, జీతాలు లేవు, పరీక్షలు లేవు. ఇందులో ఆచార్యుడూ గుమాస్తా అన్న తేడాకు చోటు లేకపోవడం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

మనవాళ్లు రిటైరయ్యాక ఖాళీగా కూర్చున్నారని ఎవరూ అనలేరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ద్రావిడ భాషల బృహద్గ్రంథం కేంబ్రిడ్జ్ ప్రచురణగా 2003లో వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవి నుంచి ఆయన దిగి అప్పటికి పదేళ్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పి 1989లో రిటైరైన చిలుకూరి శాంతమ్మ గారు తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి పాఠం చెప్పారు. కాకతీయ ఉపకులపతిగా చేసిన కొత్తపల్లి జయశంకర్ గారి తర్వాతి జీవితమంతా తెలంగాణ ఉద్యమానిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు గారు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి రిటైరై అమెరికా వెళ్లి రెండో వృత్తిజీవితమే గడిపారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం అందినప్పుడు ఆయన వయసు 102. ఈ నలుగురినీ చూపించి సంకల్పం ఉంటే చాలునంటారు. నేను గమనించినది వేరు. ప్రతి ఒక్కరికీ ఏదో ఒక ఆసరా దొరికింది: ఒకరికి ప్రచురణ సంస్థ, ఒకరికి తరగతి గది, ఒకరికి ఉద్యమం, ఒకరికి విదేశీ విశ్వవిద్యాలయం. అంత పేరు లేని వందలాదిమంది ఆచార్యులకు ఆ ఆసరా తమ విశ్వవిద్యాలయమే ఇవ్వాలి.

ఇస్తున్నదేమిటని చూస్తే కొద్దిమందికే. యూజీసీ 2022లో ప్రకటించిన విశ్రాంత అధ్యాపకుల ఫెలోషిప్ నెలకు 50,000 రూపాయలు, దేశం మొత్తానికి 100. అదే ఏడాది పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త విద్యార్థిని తీసుకోరాదు. ఉన్న విద్యార్థులకు మాత్రం రిటైరయ్యాక సహ పర్యవేక్షకులుగా 70 ఏళ్ల వరకూ ఉండవచ్చు. తెలంగాణ 2025 జనవరిలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది. ఖాళీలు పేరుకుపోయిన చోట అది ఊపిరి, కానీ విరమణ తర్వాత ఏమిటన్న ప్రశ్నను అయిదేళ్లు వెనక్కి జరపడమే దానివల్ల అయింది.

బోధనేతర సిబ్బంది సంగతి కొంత విడమరిచి చెప్పాలి. ఆచార్యుడి జ్ఞానంలో ఎంతో కొంత పుస్తకాల్లో, పత్రాల్లో మిగులుతుంది. గ్రంథాలయం స్టాక్ గదిలో ముప్పై ఏళ్లు పనిచేసిన అటెండర్ జ్ఞానం అతనితోనే పోతుంది. ఏ బీరువాలో ఏ సంవత్సరపు సిద్ధాంత గ్రంథాలున్నాయో, వర్షం నీరు దిగినప్పుడు ఏవి ఎక్కడికి మార్చారో, క్యాటలాగ్ కార్డు లేని కట్టలు ఎవరి విరాళమో అతనికే తెలుసు. హెర్బేరియంలో ఎండిన మొక్కల షీట్లకు పురుగు పట్టకుండా చూసినవారు, రసాయనశాస్త్ర శాఖలో పగిలిన గాజు పరికరాన్ని మంట మీద ఊది అతికించిన గ్లాస్ బ్లోయర్, పరీక్షల విభాగంలో పాత టాబ్యులేషన్ రిజిస్టర్లు చూసి మార్కులు తేల్చిన సూపరింటెండెంట్, వీళ్లు లేకుండా ఆ శాఖల చరిత్ర ఎవరూ రాయలేరు. చాలాచోట్ల వీళ్ల సంఘం వేరు, ఆచార్యుల సంఘం వేరు. సర్వీసులో ఆ విభజనకు కారణాలుండేవి. రిటైరయ్యాక దాన్ని మోయడం ఇద్దరికీ నష్టమే.

పని కోసం దూరం వెళ్లి వెతకనక్కర్లేదు. సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించాలని యూజీసీ 2009లో నిబంధన తెచ్చింది. అవి ఆన్‌లైన్ భాండాగారమైన శోధగంగలో చేరుతున్నాయి. అంతకుముందువి ఎన్నో ఇప్పటికీ బైండు కట్టలుగా అటకల మీద ఉన్నాయి. వాటిని దించి, దుమ్ము దులిపి, ముందు ఏవి స్కాన్ చేయాలో తేల్చాలంటే శాఖ తెలిసిన ఆచార్యుడూ కావాలి, గది తెలిసిన ఉద్యోగీ కావాలి. ఏ జిల్లా మాండలికం మీద ఎవరు క్షేత్రపరిశోధన చేశారో, ఎవరి టేపులు ఎక్కడున్నాయో చెప్పగలవాళ్లు మన మధ్య ఉండగానే ఇది జరగాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ ఉన్న తాళపత్రాల పని కూడా ఇలాంటిదే. ఆ లిపి చదవగలవారు ఏటికేడాది తగ్గిపోతున్నారు.

స్త్రీల విషయంలో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. సాయంత్రం సభలకూ, పొద్దుటి నడక బృందాలకూ వచ్చేవారిలో మగవాళ్లే ఎక్కువ. రిటైరైన అధ్యాపకురాలికి ఇంటి ఉద్యోగంలో విరమణ లేదు. కోడలి పురిటికో కూతురి పురిటికో అమెరికా వెళ్లి, విజిటర్ వీసా మీద ఆరు నెలలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవల్ని పెంచి వచ్చేది ఎక్కువగా ఆమే. పని ఊరికి కట్టుబడి ఉంటే ఆమె అందులోకి రాలేదు. స్కాన్ చేసిన పుటలకు విషయసూచిక తయారుచేయడం, పాత సహోద్యోగుల జ్ఞాపకాలను ఫోన్‌లో రికార్డు చేయడం ఎక్కడున్నా చేయవచ్చు. అందుకు విశ్వవిద్యాలయం ఈమెయిల్, గ్రంథాలయ లాగిన్ రిటైరైన రోజుతో ఆగిపోకూడదు.

పాలకమండలి తీర్మానంతో అయ్యే పనులే ఇందులో ఎక్కువ. జీవితకాల గ్రంథాలయ కార్డు, కొనసాగే లాగిన్, గ్రంథాలయ భవనంలో ర్యాంపు ఉన్న కింది అంతస్తులో ఒక గది. సభ్యత్వానికి అర్హత పీపీఓ నంబరు కాకుండా ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఏళ్లు కావాలి. అప్పుడు కాంట్రాక్ట్ అధ్యాపకులూ లోపలికి వస్తారు. సీపీఎస్ కింద తొలి ఏళ్లలో చేరినవారిలో చాలామంది ఇప్పుడు నలభై అయిదు దాటి యాభైల్లో ఉన్నారు. శాఖాధ్యక్షులుగా, డీన్లుగా ఈ తీర్మానాలను ప్రతిపాదించగల స్థానాల్లోకి వస్తున్నదీ వాళ్లే, ఈ గది అవసరం అందరికంటే ఎక్కువగా పడబోయేదీ వాళ్లకే.