గిర్మిట్ కాగితం నుండి అప్రెంటిస్ కాగితం వరకు

మన పూర్వులు నాటాలుకు వచ్చిన కథ మన సంచికలలో ఎన్నోసార్లు చెప్పుకొన్నాము. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బను రేవు చేరింది. అది మొదలు 1911 వరకు లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఈ గడ్డపై కాలు పెట్టారు. వారిలో తెలుగువారు వేలమంది. వారు వేలిముద్ర వేసిన ఐదేండ్ల కాగితాన్ని గిర్మిట్ అన్నారు. ఇంగ్లీషులో దానిని ఇండెంచరు అంటారు.

ఈ ఇండెంచరు అనే మాటకు ఇంకొక అర్థం కూడ ఉన్నదని మనలో చాలామందికి తెలియదు. ఒక కుర్రవాడు యజమాని దగ్గర కొన్నేండ్లు ఉండి పని నేర్చుకొనేందుకు వ్రాసుకొనే ఒప్పందం పేరు కూడ అదే. పూర్వం ఒకే తోలుపై ఒప్పందాన్ని రెండుసార్లు వ్రాసి, మధ్యన రంపపు పండ్లవలె వంకర టింకరగా కోసి, చెరొక ముక్క తీసుకొనేవారు. ఆ పండ్లను బట్టే ఆ పేరు వచ్చింది. పేరు ఒకటే అయినా ఫలితాలు వేరు. అప్రెంటిస్ కాగితం గడువు తీరిన కుర్రవాడు పనివాడై బయటకు వచ్చేవాడు. గిర్మిట్ గడువు తీరిన మన తాతలు కూలీలుగానే బయటకు వచ్చారు. వారు స్వేచ్ఛగా ఇక్కడ నిలిచిపోకుండా 1895 చట్టం తలకు మూడు పౌనుల పన్ను కూడ విధించింది. 1914లో గాని ఆ పన్ను పోలేదు.

ఈ దేశంలో అప్రెంటిస్ అనే మాటకు మొదట మంచి పేరు లేదు. 1834 డిసెంబరు 1న కేప్ కాలనీలో బానిసత్వం రద్దయింది. కాని విడుదలైన బానిసలను వెంటనే పోనివ్వక, అప్రెంటిసులు అనే పేరుపెట్టి, మరి నాలుగేండ్లు పాత యజమానుల దగ్గరనే పని చేయించారు. వారికి నేర్పింది ఏమీ లేదు.

నిజంగా పని నేర్పే అప్రెంటిస్ పద్ధతికి ఇక్కడ 1922లో ఒక చట్టం వచ్చింది. అందులో ఎక్కడా రంగు మాట లేదు. ఆరవ స్టాండర్డు చదివి ఉండాలన్నది ఒక నియమం. సాంకేతిక తరగతులకు హాజరు కావాలన్నది మరొకటి. మన పిల్లలకు ఆనాడు చాలినన్ని బడులు లేవు. సాంకేతిక తరగతులు నడిపే చోట మన పిల్లలను చేర్చుకొనేవారు కారు. ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే సంఘాలలో తెల్ల యజమానులు, తెల్ల కార్మిక సంఘాల వారు కూర్చొనేవారు. ఒక్క మాట కూడ అనకుండానే తలుపు మూయవచ్చునని ఆ చట్టం చూపింది. ఫర్నిచర్, ముద్రణ వంటి కొన్ని పరిశ్రమలలో మాత్రం మనవారు కొందరు చొరబడగలిగారు. నల్లజాతివారికి ఆపాటి సందు కూడ దొరకలేదు.

మా పెదనాన్నగారు డర్బనులో ఒక కర్మాగారంలో ముప్పై ఏండ్లకు పైగా పని చేశారు. యంత్రం శబ్దం వినే ఏ బేరింగు అరిగిందో చెప్పేవారు. కొత్తగా వచ్చిన తెల్ల కుర్రవాళ్ళకు స్పానరు పట్టుకోవడం మొదలు ఆయనే నేర్పేవారు. నాలుగైదేండ్లు గడిచేసరికి ఆ కుర్రవాడు కాగితం తెచ్చుకొని ఫిట్టరయ్యేవాడు, ఆయనకే పై అధికారి అయ్యేవాడు. పెదనాన్నగారి జీతం పుస్తకంలో చివరి రోజు వరకు లేబరరు అనియే ఉండేది. ఈ మాట ఇంట్లో ఆయన కోపంగా చెప్పగా మేము వినలేదు. నవ్వుతూ చెప్పేవారు. మాకు పెద్దయిన తరువాతనే ఆ నవ్వు అర్థమయింది.

పనిముట్లవైపు తలుపు మూసి ఉండగా మనవారు పుస్తకాలవైపు నడిచారు. 1927లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన శ్రీనివాస శాస్త్రిగారి కృషితో ఆయన పేరిట డర్బనులో శాస్త్రి కళాశాల వెలసింది. ఆయన తరువాత కొంతకాలానికి వచ్చి 1932 వరకు ఆ పదవిలో ఉన్న సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు తెలుగువారే. ఆ కాలంలోనే, 1931లో, మన ఆంధ్ర మహాసభ పుట్టింది. 1890లో ఒప్పందపు కూలీగా వచ్చి, తరువాత వ్యాపారంలో గడించిన ఎం.ఎల్. సుల్తానుగారు సాంకేతిక విద్యకు పెద్ద విరాళమిచ్చారు. 1946లో ఆయన పేరిట కళాశాల ఏర్పడింది. అక్కడ చదివిన మన పిల్లలు ఎందరో. కాని కళాశాలలో చదివినంతమాత్రాన కర్మాగారంలో అప్రెంటిసుగా తీసుకొంటారన్న హామీ లేదు.

ఇట్లా రెండు తరాలు గడిచాయి. ఉపాధ్యాయుడు, గుమాస్తా, తరువాత వైద్యుడు, న్యాయవాది. ఇవే గౌరవమైన పనులని మనం నమ్మాము. గత్యంతరం లేక పట్టిన దారిని మన ఇష్టంతో ఎంచుకొన్న దారి అనుకొన్నాము. బడిలో మేము కూడ అదే పాఠం చెప్పాము. లెక్కలు తప్పు చేసిన పిల్లవానితో, చదవకపోతే గ్రీజు పూసుకొని బ్రతకాలి అని ఎన్నిసార్లు అన్నామో! అన్నం పెట్టిన పెదనాన్నగారి చేతులకు ఉన్నది కూడ ఆ గ్రీజే అని అప్పుడు తోచలేదు.

1979లో వీహాన్ కమిషన్ నివేదిక తరువాత తలుపు కొంత తెరుచుకొన్నది. 1981 చట్టంతో అప్రెంటిస్ శిక్షణలో జాతి భేదం చట్టరీత్యా తొలగింది. కాని దురదృష్టం చూడండి. తలుపు తెరిచిన కాలంలోనే లోపలి గది ఖాళీ కాసాగింది. శిక్షణ ఇచ్చే పెద్ద సంస్థలు రైల్వేలు, ఉక్కు, విద్యుత్తు వంటి ప్రభుత్వరంగ సంస్థలే. 1980ల చివర అవి వ్యాపార పద్ధతికి, కొన్ని ప్రైవేటు చేతులకు మారి, ఖర్చు తగ్గించుకొనేందుకు అప్రెంటిసులను తగ్గించాయి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1998 నైపుణ్యాభివృద్ధి చట్టం లెర్నర్‌షిప్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. యజమానులు జీతాల మొత్తంలో నూటికి ఒకటి చొప్పున శిక్షణకై చెల్లించే ఏర్పాటు కూడ అప్పటిదే. అయినను చేయి తిరిగిన పనివారి కొరత తీరలేదు. పాతవారు రిటైరవుతున్నారు, కొత్తవారు రావడం లేదు.

గత దశాబ్దపు కథ ఇక్కడ మొదలవుతుంది. 2012 నాటి జాతీయాభివృద్ధి ప్రణాళిక 2030 నాటికి ఏటా 30 వేల మంది వృత్తి పనివారు తయారు కావాలని గురి పెట్టింది. 2014లో ప్రభుత్వం చేతిపనివారి దశాబ్దాన్ని ప్రారంభించింది. దేశంలోని 50 ప్రభుత్వ వృత్తివిద్యా కళాశాలలలో కొన్నింటిని ఎంచి, ప్లంబరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, బాయిలర్‌మేకరు, వడ్రంగి, తాపీపని మొదలైన 13 వృత్తులకు ప్రత్యేక కేంద్రాలు పెట్టారు. అక్కడ విద్యార్థి కొంతకాలం తరగతిలో, కొంతకాలం నిజమైన యజమాని దగ్గర ఉంటాడు. చేరిన నాటి నుండి భత్యం వస్తుంది. చివరకు ట్రేడ్ టెస్టు గెలిస్తే ఏ రంగువాడైనా, ఆడపిల్లయినా, ఒకే కాగితం. 2010ల ద్వితీయార్ధంలో ఏటా సుమారు 20 వేల మంది ఆ కాగితం అందుకొన్నారు. 2020లో కోవిడ్ వల్ల కళాశాలలు, పరీక్షా కేంద్రాలు మూతపడి ఆ సంఖ్య పడిపోయింది. 30 వేల గురి ఇంకా అందవలసియే ఉన్నది.

ఇందులో లోపాలు లేవని మేము అనము. తరగతిలో చదువు ముగించి, తీసుకొనే యజమాని దొరకక ఇంట కూర్చున్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఉద్యోగం లేని యువత నూటికి నలభైకి మించి ఉన్న దేశమిది. ఆ బాధ ఎక్కువగా మన పొరుగున ఉన్న నల్లజాతి పిల్లలదే. వర్క్‌షాపులు నడిపే మన తెలుగువారు మనలో ఉన్నారు. ఒక్కొక్కరు ఒక అప్రెంటిసును తీసుకొంటే, మన పిల్లవాడే కానక్కరలేదు, ఒక ఇంట దీపం వెలుగుతుంది. తలుపు బయట నిలబడటం ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులకు కూడ ఒక విన్నపం. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి విశ్వవిద్యాలయం వద్దని ఎలక్ట్రీషియను అప్రెంటిసుగా చేరినప్పుడు, ఆమె తండ్రి మమ్ములను పిలిచి, మాస్టారూ, మీరైనా బుద్ధి చెప్పండి అన్నారు. మేము బుద్ధి చెప్పలేదు. పెదనాన్నగారి జీతం పుస్తకం సంగతి చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఈనాడు ఆ అమ్మాయి ట్రేడ్ టెస్టు సర్టిఫికెట్టు వారింటి ముందు గదిలో, దేవుని పటాల ప్రక్కన వ్రేలాడుతున్నది.

కృషితో నాస్తి దుర్భిక్షం అని మన పెద్దలు అన్నారు. కృషికి మన తాతలు ఎన్నడూ వెనుకాడలేదు. వారికి లేనిది ఆ కృషికి తగిన కాగితం. ఇప్పుడది మన పిల్లల చేతికి అందుతుంటే, చిన్నతనమని మనమే వెనుకకు లాగరాదు.