ఖాళీ క్యాసెట్ తెస్తే పాట ఉచితం

మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగారు. రైలు వచ్చాక ఆ బతుకు పోయింది. ఆఫ్రికాలో సహారా ఎడారి టువారెగ్ జనం ఒంటెల మీద ఉప్పు మోశారు. 1970ల కరువులో మందలు చచ్చిపోతే వాళ్ల పిల్లలు కూలి వెతుక్కుంటూ మాలి దేశం దాటి అల్జీరియా, లిబియా వెళ్లారు. వాళ్లకు 'ఇషుమార్' అని పేరు పడింది. నిరుద్యోగి అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చిందది. నారాయణఖేడ్ తండాల నుంచి వచ్చి పాశమైలారం, బొల్లారం కంపెనీ గేట్ల ముందు నిలబడ్డ మనవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఇషుమార్లలో ఒకడు ఇబ్రహీం అగ్ అల్హబీబ్. 1963 తిరుగుబాటప్పుడు సైన్యం తండ్రిని చంపేనాటికి నాలుగేళ్ల పిల్లాడు. రేకు డబ్బా, కర్ర, సైకిల్ బ్రేకు తీగ కలిపి మొదటి గిటార్ తనే చేసుకున్నాడు. 1979 ప్రాంతంలో అల్జీరియాలోని తమన్‌రాసెట్‌లో దోస్తులతో జట్టు కట్టాడు. అదే టినారివెన్, అంటే ఎడారులు. తర్వాత లిబియా సైనిక శిబిరాల్లో ఉన్నప్పుడు వాళ్లు ఒక మాట పెట్టుకున్నారు: ఎవరు ఖాళీ క్యాసెట్ తెచ్చినా డబ్బు తీసుకోకుండా పాట రికార్డు చేసి ఇవ్వాలి. ఆ క్యాసెట్ నుంచి ఇంకొకటి, దాన్నుంచి మరొకటి. టువారెగ్‌లకు తిఫినాగ్ అనే సొంత లిపి ఉంది. అయినా ఎడారిలో కబురు మోసింది క్యాసెట్టే. 1990లో మళ్లీ తిరుగుబాటు వచ్చినప్పుడు జట్టులో కొందరు తుపాకులూ పట్టారు. ఆ సంగతి దాచి పాటను మాత్రమే మెచ్చుకుంటే చరిత్ర సగమే చెప్పినట్టు.

1990ల మొదట్లో క్యాసెట్‌గా మాత్రమే వచ్చిన 'కెల్ టినారివెన్' 2022లో మళ్లీ విడుదలైంది. కిడాల్ ఊరి రేడియో స్టేషన్‌లో రికార్డు చేసి 2001లో తెచ్చిన 'రేడియో టిస్డాస్ సెషన్స్' కూడా అదే ఏడు తిరిగి వచ్చింది. మధ్యలో 2012లో వాళ్లకు గ్రామీ దక్కింది. కానీ మాకు ఆ బహుమతి కంటే, ముప్పై ఏళ్ల కిందటి క్యాసెట్‌ను ఎవరో పారేయకుండా ఉంచడమే పెద్ద విషయం.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. పెళ్లికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో, తీజ్ పాటలు గొంతులోనే ఉన్నాయి. కొన్ని ఇళ్లలో పాత టేపుల్లో ఉన్నాయి. టేపుకు బూజు పడుతుంది, సాగుతుంది, తెగుతుంది. మీ ఇంట్లో ఉంటే సంఘానికి తెండి. రికార్డు చేసుకుని మీ టేపు మీకే తిరిగి ఇస్తాం. అట్ట మీద పాడిన యాడి పేరు, తండా పేరు, ఏ పండుగకు పాడిందో రాయండి. గుర్తుంటే ఏడాది కూడా.