మేస్త్రీ నుంచి ఏజన్సీ దాకా

రోగి పక్కన రాత్రంతా మేలుకొనే నర్సు ఎవరి ఉద్యోగి? ఆమెతో పని చేయించుకొనే ఆస్పత్రిదా, ఆమెను పంపిన ఏజన్సీదా? యీ ప్రశ్న నేటిదే అయినా, దీని వేళ్ళు మన చరిత్రలో లోతుగా దిగివున్నాయి.

కోస్తా జిల్లాల కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన రోజుల్లో వారికీ యజమానికీ నడుమ మేస్త్రీ వుండేవాడు. ప్రయాణానికి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ బాకీని కూలిలో విరుచుకొనేవాడు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి తెలుగువారిని తిరిగి పిలిచేసరికి అల్లర్లు చెలరేగాయి. ఎందరో తెలుగు కూలీలు బలి అయ్యారు. పేదలు పేదలతో తలపడ్డారు.

స్వతంత్ర భారతంలో 1970 నాటి కాంట్రాక్టు శ్రామికుల చట్టం, కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే అసలు యజమానే చెల్లించాలన్నది. 2003లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, కొన్ని మినహాయింపులతో, సంస్థ ముఖ్యమైన పనిలో కాంట్రాక్టు శ్రామికులను నిషేధించింది. థర్మల్ విద్యుత్కేంద్రమున్న మా ఇబ్రహీంపట్నంలో కాంట్రాక్టు కూలీ అంటే ఏమిటో నేను విద్యార్థులకు విడమరచి చెప్పనక్కరలేదు. వారిని నేనడిగేదల్లా ఒకటే: ఆస్పత్రికి నర్సింగు ముఖ్యమైన పని కాకపోతే మరేది?

2020 జూలైలో, కోవిడ్ విజృంభిస్తుండగా, హైదరాబాదు గాంధీ ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు సమ్మెకు దిగారు. ఏళ్ళ తరబడి పనిచేస్తున్న తమకు 17,500 రూపాయలు, కొత్తగా తీసుకొనేవారికి 25,000 రూపాయలా అన్నది వారి ప్రశ్న. మరుసటి సంవత్సరమే, కోవిడ్ సేవకు తీసుకొన్న నర్సులను వెయ్యిమందికి పైగా తెలంగాణ ప్రభుత్వం తొలగించింది.

మధ్యవర్తి పోతే సమస్య తీరుతుందా? 2020 జూలైలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు ఏజన్సీల స్థానంలో ఆప్కాస్ అనే సొంత కార్పొరేషన్‌ను నడపనారంభించింది. దళారీ కమీషను తప్పించడం చిన్న మేలు కాదు. కాని మేస్త్రీ తొలగినా ఔట్‌సోర్సింగ్ తొలగలేదు. పని శాశ్వతం, పనిచేసే మనిషి తాత్కాలికం! అసలు వైరుధ్యం యిక్కడ వుంది.

సెలవులకూ అంటువ్యాధులకూ అదనపు నర్సులు అవసరమే. ఆ అదనపు బలాన్ని ఆస్పత్రి తన జాబితాలోనే, సమాన వేతనంతో వుంచుకోవాలి. రేపు తాను వుంటానో వుండనో తెలియని నర్సు చేతిలో రోగిని వుంచడం ఆమెకే కాదు, రోగికీ అన్యాయం. కనుక యిది నర్సుల కోర్కె మాత్రమే కాదు. ప్రజలందరి కోర్కె కావాలి.